మీసాల చేపల పంపకం

షామీర్‌పేట
6 జూలై 2025

హాస్టల్ సాంబారు మీద బతుకుతున్న నా బిడ్డ లతకు, మూడో తరగతి దాటని మీ తాత గండయ్య రాసేది.

మంచిగున్నవా? అత్వెల్లి నీళ్లు వడ్డయా? ఫోను ఉంచుకోనియ్యని కాలేజీల నిన్ను ఏసినందుకు మీ బాపు మీద నాకు మస్తు గుస్స ఉండె. ఐతారం ఐతారం నువ్వు ఐదు నిమిషాలు ఫోన్ జేస్తే నాలుగున్నర నిమిషాలు మీ అమ్మ మాట్లాడుతది, మిగిలిన అర నిమిషం ఏడుస్తది. ఇగ నాకేం మిగులుతది? అందుకే పోస్టాఫీసుకు వొయ్యి పది కవర్లు కొన్న. గాడున్నాయిన నన్ను కిందికెల్లి మీదికి జూసి, "ఏంది గండయ్యా, గీ వయసుల ఎవరికి రాస్తున్నవ్?" అన్నడు. "ఒక పోరికి" అన్న. మీ అవ్వకు జెప్పకు.

ఇంటి ముచ్చట ఏందంటే, గోడ అయిపాయె. హాలు నడుమల వల తాడు గుంజి గీత నేనే గీసిన. ఇన్నొద్దులు ఒక్క హాలుల రెండు టీవీల సీరియళ్లు మొత్తుకుంటుంటె ఏ అత్త ఏ కోడల్ని తిడుతుందో సమజ్ గాకపోతుండె. ఇప్పుడు ఎవరి అత్త ఆళ్లకే. మీ బాపు లింగం గోడకు ఇటు, మీ చిన్నాయిన మహేష్ అటు. లొల్లి లేదు. లొల్లి లేదు గాని మాట గూడ లేదు. చెరువు కాడికి ఇద్దరు ఒక్క బండి మీదనే వోతరు, మూగోళ్ల లెక్క వోతరు, మూగోళ్ల లెక్క వస్తరు.

నన్ను, మీ అవ్వను గూడ పంచుకున్నరు. నెల మీ దిక్కు, నెల ఆళ్ల దిక్కు. ఈ నెల ఆళ్ల దిక్కు. చిన్నకోడలు పప్పుల ఉప్పు ఎయ్యుడు మరిచిపోతది, నేను మెచ్చుకుంట తింటున్న.

బిందెలు, మంచాలు, వలలు అన్నీ పంచినం. ఆఖరికి నీ మీసాల చేపలు మిగిలినయి. నువ్వు, మీ చిన్నాయిన బిడ్డ అశ్రిత గలిసి కొన్నయేనాయె. ఆ పొట్టిది గోడకు ముఖం వెట్టి ఒకటే ఏడుపు, "నా చేపలు అటు వొయినయ్ తాతా" అని. చెరువు కట్ట మీద యాభై ఏండ్లు పట్టిన చేపలను వాటాలేసి పాలు పంచినోన్ని, నేను ఊకుంటనా? కట్ట మీద ఎట్ల జేస్తమో గట్లనే జేసిన. ఆరు చేపలను రెండు గిన్నెలల్ల మూడు మూడు వోసిన. గోడ దిక్కు తిరిగి నిలవడ్డ. మీ అవ్వ ఒక గిన్నె మీద చెయ్యి వెట్టి "గిది ఎవరిది?" అన్నది. నేను చూడకుంటనే "అశ్రితది" అన్న. అయిపాయె. నీ మూడు నీ తొట్టిలనే ఉన్నయి. దాని మూడిటిని తొక్కు సీసాల వోసినం. కడిగినంలే. రెండుసార్లు కడిగినం.

ఎవరికీ ఒక తోక ఎక్కువ వోలే, ఒక మీసం తక్కువ రాలే. శభాష్ తాతా అని రాయి.

నెత్తికి నూనె వెట్టుకుంటున్నవా అని మీ అవ్వ అడుగుతుంది. వెట్టుకుంటున్న అనే రాయి, నిజం నాకు వేరేగ రాయి.

నీ తాత
గండయ్య

*

హాస్టల్, అత్వెల్లి
11 జూలై 2025

తాతా,

శభాష్ కాదు, నీ మీద పంచాయితీ పెట్టిస్త!

నీ జాబు చదివి నేను మెస్సులో ఎంత గట్టిగ అరిచిన్నంటే వార్డెన్ మేడం వచ్చి ఎవరికేమైంది అని అడిగింది. "మా తాత చేపలను పంచిండు మేడం" అన్న. ఆమెకు ఏం అర్థం కాలే.

అవి కోరీ చేపలు తాతా. నువ్వు పట్టే బొచ్చెలు, రవ్వలు కావు. అవి గుంపుగనే బతుకుతయి. ఒక్క జాతివి తక్కువల తక్కువ ఆరు ఉండాలె. మూడే ఉంటే భయపడుతయి, మూలకు చేరి కూసుంటయి, తిండి ముట్టవు, మెల్లమెల్లగ చచ్చిపోతయి. మేడ్చల్‌ల చేపల దుకాణం చలపతిరావు సారు మేం కొన్ననాడే చెప్పిండు. అందుకే మేం ఆరు కొన్నం. నువ్వు మూడూ మూడూ చేసినవు. న్యాయం చేసిన్ననుకున్నవు గాని చేపలకు అన్యాయం చేసినవు.

పైంగ తొక్కు సీసా! అందులో అవి తిరగడానికి అడుగేది? మా రూంల పన్నెండు మందిమి ఉన్నం, మాకే అంతకన్న ఎక్కువ జాగ ఉంది.

దండం పెడత తాతా. ఈ జాబు చూసిన నిమిషంలనే అన్నిటిని కలిపి మా తొట్టిల, మా హాలుల పెట్టు. దసరా సెలవుల నేను వచ్చేదాక అవి బతికి ఉండాలె. నాకు ఇంకేం వద్దు.

నూనె పెట్టుకుంటున్న. (నిజం: లేదు.)

లత

*

షామీర్‌పేట
17 జూలై 2025

పంచాయితీ పెట్టేటి నా వకీలు బిడ్డకు,

నీ జాబుతోని ఇంట్ల ఏమైందో చెప్త, కూసొని చదువు.

నా అద్దాల మీద మీ అవ్వ కూసున్నది. నేను బతికిపోయిన గాని అద్దాలు బతకలె. నీ అక్షరాలేమో చీమలు బారుగట్టినట్టుంటయి. ఏం జెయ్యాలె? అశ్రితను చదవమన్న. మాపటీలి బువ్వకాడ, అందరి నడుమ, ఆ పిల్ల బడిల పాఠం చదివినట్టు గట్టిగ చదివింది. నవ్వుకుంటనే ఇన్నం. "మా తొట్టిల, మా హాలుల పెట్టు" అనేకాడికి వచ్చేసరికి చిన్నకోడలు గంటె గిన్నెల ఆగింది.

"జూసినవా అత్తా? గోడ కట్టినంక గూడ అన్నీ అటుదిక్కుకే రావాల్నంట."

"పోరి గట్ల అనలేదే" అన్న నేను. "గట్లనే రాసింది" అని అశ్రిత మళ్లొకసారి చదివింది. చదువు నేర్పుడు గిందుకే మంచిది గాదు.

ఇగ మీ అవ్వ అందుకున్నది. కీసరల పుట్టినామె, ఆమెకు తెల్వని కట్టుబాటు లేదు. "పేరు పిలిచిన కుప్పను మళ్ల కలుపరు. మా నాయిన కలుపలె, నీ నాయిన కలుపలె, నువ్వెట్ల కలుపుతవ్?" అన్నది. నిజమే. ఒక్కసారి కలిపితే రేపు కట్ట మీద ఎవడు నా మాట ఇంటడు?

నేను రాత్రంత ఆలోచన జేసి ఒక ఉపాయం తీసిన. కలుపకుంటనే రెండు దిక్కుల ఆరు ఆరు చేస్తే అయిపాయె గద! తెల్లారి బస్సెక్కి మేడ్చల్ వోయిన. మీ చలపతిరావు సారు మంచోడే. "రండి పెద్దాయనా, కూర్చోండి, మజ్జిగ తాగుతారా?" అన్నడు. గంత మర్యాద ఇస్తే నాకు భయమైతది, ఏదో అంటగడతడని. ఆరు మీసాలోళ్లను ఇయ్యిమన్న. "రెండే ఉన్నాయండీ. మళ్లీ సరుకు ఎప్పుడొస్తుందో చెప్పలేను" అన్నడు. రెండు తెచ్చిన. ఇప్పుడు అటు నాలుగు, ఇటు నాలుగు. నువ్వు ఆరన్నవ్. నాలుగు గూడ ఆరుకు దగ్గర్లనే ఉన్నది.

ఇంకో ముచ్చట. అశ్రితకు తొట్టి గూడ కొన్న. దుకాణంల అన్నిట్ల ఎత్తుది కొన్న. నా నడుముల దాంక వస్తది! ఆ సారు "ఏవండీ, ఇవి అడుగున తిరిగే చేపలు కదా" అని ఏదో షురు జేసిండు. "అయ్యా, నీది నాలుగేండ్ల దుకాణం, నాది యాభై ఏండ్ల చెరువు. ఎండకాలం చేపలన్నీ లోతు మడుగులనే వోయి ఉంటయి, నాకు తెల్వదా?" అన్న. మర్యాదస్తుడు, తొట్టిని గట్టిగ కట్టిచ్చిండు.

చేపలు మస్తు ఖుష్ ఉన్నయి బిడ్డా. అడుగుకెల్లి మీదికి బాణం లెక్క ఉరికి వస్తయి, ఒక బుడగ తీసి మళ్ల కిందికి దుంకుతయి. పొద్దంత గదే పని. అశ్రిత చప్పట్లు గొడుతుంది.

నీ ఉపాయాల తాత
గండయ్య

*

హాస్టల్, అత్వెల్లి
22 జూలై 2025

తాతకు, ఇంకా ఈ జాబును గట్టిగ చదువుతున్న అశ్రితకు,

అశ్రితా, ముందు ఈ ముక్క చిన్నమ్మకు చదివి వినిపించు: చిన్నమ్మా, మా హాలు అంటే నా మనసుల ఇంకా పాత హాలే ఉంది. నేను పోయిన్నాడు గోడ లేదు. తప్పుగ అనుకోకు.

ఇగ తాతా, నీకు. అవి ఖుష్‌తో దుంకుతలేవు. ఊపిరి కోసం వస్తున్నయి. కోరీలు నడుమ నడుమ మీదికి వచ్చి గాలి మింగి పోతయి. నీ తొట్టి నడుమెత్తు ఉంటే అవి బుక్కెడు గాలి కోసం ప్రతిసారి బావి ఎక్కి దిగినట్టు అయితుంది. అలిసిపోతయి తాతా.

నీ చెరువు చేపలకు లోతు కావాలె కావచ్చు. వీటికి కావాల్సింది నేల. మన హాలు కప్పు ఇంకో పది అడుగులు పైకి లేపితే ఇంకో మంచం పడుతదా? పడదు గద! ఎందుకంటే మనం పండుకునేది నేల మీద. అవి గూడ గంతే. తినుడు, తిరుగుడు, పండుకునుడు అన్నీ అడుగునే. మీసాలతోని ఇసుకను వెతుక్కుంట పోతయి. అందుకే తొట్టి పొడుగు, వెడల్పు చూడాలె, ఎత్తు కాదు. కింద గరుకు రాళ్లు ఉంటే మీసాలు అరిగిపోతయి, మెత్తటి ఇసుక వెయ్యాలె. ఇప్పుడు ఎనిమిది అయినయి కాబట్టి మూడడుగుల పొడుగు, అడుగు వెడల్పుంటే హాయిగ ఉంటయి. కలిసి ఉంటేనే. నాలుగు నాలుగైతే ఎన్ని తొట్లు కొన్నా లాభం లేదు.

నేను ఒకటి అనుకున్న. మూడు రోజులు ఏడ్చి అనుకున్న గాని గట్టిగనే అనుకున్న. నా నాలుగు గూడ అశ్రితకే ఇచ్చేయి. కుప్ప కలుపుడు కాదు, నా పాలు నేను ఇస్తున్న. ఇచ్చేటందుకు అవ్వ కట్టుబాటు అడ్డం రాదు గద? అశ్రితా, రోజుకు ఒక్కసారే తిండి వెయ్యి, అది గూడ మునిగేది. సరేనా?

మా పక్క మంచం శ్రీదివ్య, వాళ్లది కాకినాడ దిక్కు, నేను ఏడుస్తుంటే "చేపల కోసమా?" అని నవ్వి, తర్వాత అది గూడ ఏడ్చింది. దానికి వాళ్లింటి పిల్లి యాదికొచ్చిందంట.

లత

*

షామీర్‌పేట
28 జూలై 2025

పెద్ద మనసు బిడ్డా,

నీ జాబు చదివినంక నేను ఎత్తు తొట్టి ముంగట పీట ఏసుకొని పొద్దంత చూసిన. నువ్వన్నదే నిజం. మీదికి వచ్చేటప్పుడు బాణమే, దిగేటప్పుడు రాయి. ఒకటి పక్కకు ఒరిగి అట్లనే పండుకున్నది, ఏలుతోని అద్దం గొట్టినా కదులలె. యాభై ఏండ్లు చేపలను సంపుకుంట బతికినోన్ని, ఒక ఏలెడు చేప ఒరిగితే నాకు బువ్వ సైసలె. నవ్వకు.

గది చూసినంక నేనే మీ బాపు దిక్కు వోయిన. "అరే లింగం, నీ బిడ్డ తన చేపలను అశ్రితకు ఇయ్యమన్నది" అన్న. ఆయినకు పౌరుషం పొడుసుకొచ్చింది.

"ఏడ్సుకుంట రాసిందంట గదనే! ఆళ్లు అన్న మాటకే నా బిడ్డ గట్ల రాసింది. ఇయ్యాల్నంటె నేనే ఇస్త, తొట్టితోని సహ ఇస్త. గాని మా పోరిని ఏడిపిచ్చి తీస్కుంటరా?"

గోడ ఇన్నది. అటుకెల్లి చిన్నకోడలు, "మేం తీస్కుంటమని ఎవరన్నరు? ఆళ్ల చేపలు ఆళ్లకే పంపుండ్రి, మావి గూడ పంపుండ్రి!" అన్నది. ఇటుకెల్లి మీ అమ్మ, "మాకెందుకు? చిన్నపిల్ల, దాన్నే ఉంచుకోమనుండ్రి!" అన్నది. అశ్రిత, "అక్కవి అక్కకే, నావి గూడ అక్కకే" అని ఒకటే ఏడుపు. నా జిందగీల పాలు ఎక్కువ కావాల్నని కొట్టుకున్నోళ్లను చూసిన గాని, నాకొద్దంటె నాకొద్దని కొట్టుకున్నోళ్లను గిప్పుడే చూసిన. మీ చిన్నాయిన ఒక్కడే అటుదిక్కు గోడకు ఆనుకొని నిలవడ్డడు. ఇటుదిక్కు గదే జాగల మీ బాపు ఆనుకొని నిలవడ్డడు. నడుమ నాలుగించుల ఇటుక. ఇద్దరికీ తెల్వదు. నాకే తెలుసు, నేను వాకిట్లకెల్లి రెండు తలుపులు చూస్తున్న గద.

నేనేం జేసిన్నంటే, పెండ్లిళ్లల్ల నీళ్లు కాగవెట్టే ఇత్తడి గంగాళం తీసి, వాకిట్ల చూరు కింద వెట్టి, ఎనిమిదింటిని అండ్ల వోసిన. అటుదీ గాదు, ఇటుదీ గాదు. అడుగు వెడల్పున్నది గద! ఒరిగింది గూడ మాపటికి లేసి తోటోళ్ల ఎంబడి తిరిగింది. గాని ఎన్నొద్దులు? పిల్లులు తిరుగుతున్నయి, వాన మొదలైంది. పగలు నేను, రాత్రి మీ అవ్వ కట్టె పట్టుకొని కావలి. "గీ వయసుల గంగాళానికి కాపలా వెట్టినవ్" అని తిడుతుంది.

ఒక మాట జల్దీ రాయి. తొట్టి మూడడుగుల పొడుగు, అడుగు వెడల్పు అన్నవ్. ఎత్తు ఎంతుంటె సాలు? తొట్టి రెండు దిక్కుల కెల్లి మనుషులు చూస్తే చేపలకు భయమైతదా?

ఎందుకని అడుగకు.

గండయ్య

*

హాస్టల్, అత్వెల్లి
1 ఆగస్టు 2025

తాతా,

ఎత్తు అడుగు, అడుగుంబావు చాలు. రెండు దిక్కుల చూసినా ఏం కాదు, నడుమల దాక్కునేటందుకు రెండు కుండ పెంకులు బోర్లించి పెట్టు. ఎండ పడొద్దు. ఎక్కువ వెలుగు వాటికి పడదు. దడదడ చప్పుడు గూడ వద్దు.

నువ్వు ఎందుకని అడుగొద్దన్నవంటే నాకు నిద్ర పడుతలేదు. పోయినసారి నువ్వు ఉపాయం తీసినప్పుడు నడుమెత్తు తొట్టి వచ్చింది. ఈసారి ఏం చేసినా బాపు, చిన్నాయిన ఇద్దర్ని అడిగి చెయ్యి. వాళ్ల మాటలు ఇంకా ఆగిపోతే నా చేపల వల్లనే అని నాకు ఉంటది.

ఒరిగింది బతికిందా? అదొక్కటి రాయి తాతా.

లత

*

షామీర్‌పేట
10 ఆగస్టు 2025

నిద్రపట్టని నా బిడ్డ లతకు,

బతికింది. ముందు గది చదివి ఊపిరి తీస్కో. నీ చేపల లెక్క మీదికొచ్చి బుక్కెడు గాలి మింగు. ఇప్పుడు చెప్త.

ఇద్దర్ని అడగమన్నవ్. అడగలె. అడిగితే ఇద్దరూ వద్దంటరు, ఒకలు వద్దన్నరని ఇంకొకలు వద్దంటరు. చేపలోళ్ల సొసైటీ మీటింగుకని ఇద్దరు మేడ్చల్ వోయినరు. బండి మలుపు తిరుగంగనే మేస్త్రిని పిలిచిన. గోడ కట్టినాయిననే. గోడకు చెయ్యి వెట్టి, "ఏంది తాతా, మొన్ననేగ గట్టిచ్చినవ్" అన్నడు. "కూలగొట్టుమంటున్ననా? జర నడుమల కిటికీ లెక్క పొక్క వెట్టమంటున్న" అన్న. కోడండ్లిద్దరు చెరొక దిక్కు నిలవడి నోరు తెరిసి చూసుడే. ఇటుకలు వడుతుంటే ఒకరి ముఖం ఒకరికి అవుపడ్డది. పెద్దామె ముఖం మీద సున్నం, చిన్నామె ముఖం మీద సున్నం. మొదలు ఎవరు నవ్విన్రో నేను జెప్ప.

పొక్కల షాబాదు బండ అడ్డం ఏసినం, చెరొక దిక్కు బయటికి వచ్చేటట్టు. ఎత్తు తొట్టిని ముందురోజే మేడ్చల్‌ల వాపసిచ్చి పొడుగుది తెచ్చిన. "మొన్న లోతు కావాలన్నారు, ఇవాళ పొడుగంటున్నారు?" అన్నడు మీ చలపతిరావు సారు. "యాభై ఏండ్ల చెరువుకు మా పోరి తప్పు వట్టింది" అన్న. ఆయిన నవ్వి, కొత్త రకం మీసాల చేపను జూసినట్టు నా మీసాలను జూసిండు. వాగు ఇసుక తెచ్చి మీ అవ్వ పిండి జల్లెడతోని జల్లిచ్చిన. ఆ జల్లెడ ముచ్చట అడుగకు, ఇంకా తిడుతనే ఉన్నది. పెంకులు బోర్లించినం. ఎనిమిదింటిని ఇడిసిపెట్టినం. అన్నీ పెంకుల కిందికి ఉరికినయి, ఒక్కటి బయటికి రాలె.

గప్పుడే బండి సప్పుడు. మీ బాపు ఇటు తలుపులకెల్లి, మీ చిన్నాయిన అటు తలుపులకెల్లి వచ్చిన్రు. ఇద్దరూ ఒక్కసారే వంగి పొక్కల చూసిన్రు. ఇద్దరూ ఒక్కటే మాటన్నరు: "ఎవర్ని అడిగి గొట్టినవ్ బాపూ?"

నా కాలు వాకిలి దిక్కు ఒక అడుగేసింది. గాని నేను గండయ్యను. "గీత నేనే గీసిన, పొక్క నేనే గొట్టిన. నచ్చకపోతే మేస్త్రి ఇంకా వాకిట్లనే చాయ తాగుతున్నడు, మూపిచ్చుండ్రి. గాని మూసేముందు చేపలను చెరి సగం పంచుండ్రి, సగమైతే చస్తయని మీ లత రాసింది" అన్న.

ఇద్దరు వంగినోళ్లు వంగినట్టే ఉన్నరు. జరసేపటికి పెంకు కిందికెల్లి ఒకటి బయటికొచ్చింది. ఆ ఒరిగినదే. మీసాలతోని ఇసుక తవ్వుకుంట మెల్లగ వోయి మీ చిన్నాయిన ముఖం కాడ ఆగింది. ఆగి, కన్ను గొట్టింది. ఒట్టు! ఆ చేపలకు కన్ను కిందికి తిప్పే అలవాటున్నదని నువ్వే ఒకసారి చెప్పినవ్. మీ చిన్నాయిన కిసుక్కున నవ్విండు.

"ఏందిరా, నవ్వుతున్నవ్?" అన్నడు మీ బాపు.

"కన్ను గొట్టిందే అన్నా."

"ఏది? ఇటు గొట్టుమను."

గోడ కట్టినంక మొదటిసారి "రా" అన్నడు బిడ్డా. నేను వాకిట్లకు వోయి, మేస్త్రికి ఇంకో చాయ పోయించిన.

గిది జరిగి నాలుగొద్దులాయె. గాలి మిషను వైరు మీ దిక్కు, నీళ్లు మార్చుడు ఆళ్ల దిక్కు. ఎనిమిదీ కలిసి మంద లెక్క తిరుగుతున్నయి. పొక్కలకెల్లి రెండు టీవీల సప్పుడు మళ్ల కలిసి అత్తలిద్దరు ఒక్కతీర్గ మొత్తుకుంటున్నరు. చేపలకు చప్పుడు పడదని నీ జాబు చదివిన అశ్రిత రెండూ బంద్ జేపిచ్చింది. ఇప్పుడు మాపు కాంగనే ఇటు నాలుగు పీటలు, అటు మూడు పీటలు. నీళ్లలకెల్లి చూస్తే చిన్నకోడలు ముఖం గుమ్మడికాయంత అవుపడుతది. ఆమెకు నాది ఎట్ల అవుపడుతదో అడగలె.

ఈ నెల నా బువ్వ మీ దిక్కు. అయినా నిన్న తొట్టి మీదికెల్లి అటునుంచి ఒక గిన్నె వచ్చింది. పప్పే. ఉప్పు ఏసింది.

దసరాకు జల్దీ రా. తొట్టి ముంగట నీకు ఒక పీట ఖాళీ ఉంచినం. యాడ కూసుంటవో నీ ఇష్టం. అటుకెల్లి లెక్కవెడితే ఎనిమిది, ఇటుకెల్లి లెక్కవెడితే ఎనిమిది. యాభై ఏండ్లు కట్ట మీద పంచిన గాని, గింత మంచిగ ఎన్నడూ పంచలె.

ఇప్పుడన్న శభాష్ అని రాయి.

నీ తాత
గండయ్య